వినని వాళ్ళకి మైల లేదు

మా ఇంటికి పేపర్ వాళ్ళు మొట్టమొదటిసారి వచ్చిన రోజు నేను మా ఆయన్ని పెరట్లో దాచాను. దగ్గు మొదలైతే ఆగేది కాదు. కంచరపాలెంలో మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. పెరడంటే ఒక నీళ్ళ గోలెం, ఒక అరుగు, అంతే. ఆ అరుగు మీద కూర్చోబెట్టి, బుగ్గన లవంగం పెట్టి, గూడ్సు బండి వచ్చినప్పుడు దగ్గు, మిగతాప్పుడు బిగబట్టుకో అని చెప్పాను. ఆయన నవ్వాడు. నవ్వితే మళ్ళీ దగ్గు. ముందు గదిలో మా పెదమావగారూ నా మరిదీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, మన తప్పెటగుళ్ళు విదేశాల్లో స్టేజీ ఎక్కబోతున్న సంగతి చెబుతున్నారు.

తప్పెటగుళ్ళు చూడని వాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. రేకు తప్పెట రొమ్ము మీద కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులా తప్పెట వాయిస్తూ, ఎగురుతూ, పాడాలి. మూడు పనులూ ఒకే మనిషి, ఒకే ఊపిరితో చెయ్యాలి. మా అత్తవారిది విజయనగరం అవతల పల్లెటూరు. భూములు సన్నగిలి అందరూ విశాఖ వచ్చి పడ్డారు. ఒకడు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని, ఇంకొకడు ఆటో, నా మరిది పరవాడలో మందుల కంపెనీలో హెల్పరు, మా ఆయన పోర్టు వైపు బొగ్గు యార్డులో. ఎన్ని పనులు మారినా తప్పెట వదల్లేదు. జాతరకి తెల్లవార్లూ ఎగిరి, మొహం కడుక్కుని డ్యూటీకి పోయేవాళ్ళు. జట్టంతా ఒకే ఇంటిపేరు, అన్నదమ్ముల బిడ్డలు. ముందు పాడేది మా ఆయన, మిగతా అందరిదీ వంత.

ఇదంతా మా అమ్మాయి వల్ల వచ్చింది. అది మొబైల్ షాపులో పని చేస్తుంది. పోయిన ఏడు అమ్మవారి పండక్కి వాళ్ళు ఆడుతుంటే ఫోన్లో తీసి ఎక్కడో పెట్టింది. దాన్ని ఎవరో చూశారు, వాళ్ళు ఇంకెవరికో చూపించారు. ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది. ఒక్కో దేశం నుంచి ఒక్కో పాట వెళ్ళే పోటీ అట, మన దేశం తరఫున పంపడానికి చూస్తున్న వాటిలో మీ పాట కూడా ఉందన్నారు. నేను నమ్మలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. తర్వాత నిజంగానే ఖాయం చేశారు. ఇక చూడండి మా వీధి. టీవీ వాళ్ళు, శాలువాలు కప్పే వాళ్ళు, ఫోటోలో పక్కన నిలబడే వాళ్ళు. మా ఇంట్లో దుప్పట్లు చిరిగిపోయాయి గానీ శాలువాలు మాత్రం పెట్టెకి పట్టలేదు.

పోటీకి వాళ్ళ పద్ధతులు వాళ్ళకున్నాయి. పాట మూడు నిమిషాలు దాటకూడదు. స్టేజీ మీద ఆరుగురికి మించకూడదు. వాద్యాలు ముందే రికార్డు చేసి పంపాలి, అక్కడ తప్పెట కట్టుకున్నా గొంతు మాత్రమే వినిపించాలి. అమ్మవారిని పిలవడానికే అరగంట పట్టే పాటని మూడు నిమిషాలకి నరికారు. మా పెదమావగారు దానికి కూడా ఒప్పుకున్నారు. మా అమ్మాయి ఒక్కటే ఒక మాట అంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎలా, పక్క వీధి జట్టులోంచి ఒకరిద్దర్ని కూడా కలుపుకోండి తాతా అని. మన ఇంటి తప్పెట పరాయివాడి రొమ్ము మీద ఎక్కుతుందా అని ఆయన కసిరారు. అందరూ అవునన్నారు. ఆరుగురికి ఆరుగురూ ఒకే ఇంటిపేరు వాళ్ళనే పెట్టుకున్నారు. మా వాళ్ళు చేసిన తప్పు అదే. అప్పుడది ఎవరికీ తప్పులా కనబడలేదు.

రికార్డింగుకి స్టూడియోకి వెళ్ళారు. అద్దం అవతల కూర్చున్న కుర్రాడు, ముందు తప్పెట వాయించండి, పాట వద్దు అన్నాడట. వీళ్ళకి చేతకాలేదు. పాట లేకపోతే చెయ్యి పడదు, ఎగరకపోతే గొంతు లేవదు. గంటసేపు తడబడి, చివరికి మా ఆయన ఒక ఉపాయం చేశాడు. పెదవులు కదుపుతూ, గొంతు బయటికి రాకుండా లోపలే పాడుతూ ముందు నిలబడ్డాడు. మిగతా వాళ్ళు ఆయన నోరు చూస్తూ వాయించారు. తాళం సరిగ్గా కుదిరింది. కుదిరిన తర్వాత ఆయన గోడకి జారగిలబడి అలాగే నేల మీదికి జారిపోయాడు. ఇంటికి ఆటోలో తెచ్చినప్పుడు పెదాలు నీలంగా ఉన్నాయి.

ఏళ్ళ తరబడి పీల్చిన బొగ్గు దుమ్ము లోపల పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పాడు. పాట మాట, విమానం మాట రెండూ మర్చిపొమ్మన్నాడు. ఆక్సిజన్ మిషను ఒకటి ఇంటికి తెచ్చుకున్నాం. దాన్ని ముందు గదిలో మంచం పక్కన పెట్టాం. నాకు ఆ రోజు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆయన మీద మండింది, యార్డు మీద మండింది. మూతికి గుడ్డ కట్టుకో మావా అని నేను మొత్తుకున్న ప్రతిసారీ, గుడ్డ కడితే పాట ఆడదే అని తిరిగిన ఆ మొండితనం మీద మండింది. పనిలో కూడా పాడేవాడు మరి.

మా వాళ్ళలో ముందు పాడేవాడు తప్పుకుంటే, తన తప్పెట తనే విప్పి రెండోవాడి రొమ్ముకి కట్టాలి. ఇంకెవరూ కట్టకూడదు. ఆయన మంచం మీద కూర్చుని తమ్ముడికి కట్టాడు. వీపు వెనక ముడి వెయ్యడానికి వేళ్ళు ఆడలేదు. నా మరిది తనే వెనక్కి చెయ్యి పెట్టి ఆ ముడి బిగించుకున్నాడు. అన్న వేసినట్టే వేశాడు. ఎవరూ చూడనట్టు మేమందరం పక్కకి చూశాం.

ఆ తర్వాత చుట్టాల రాక మొదలైంది. రోజూ ఎవరో ఒకరు. బత్తాయిలు, ఆపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసాలు. వచ్చి మంచం పక్కన కూర్చుని ఎలాగున్నాది అని అడిగి, ఆయన రొమ్ము లేచి పడడం చూసి, గోడ మీద క్యాలెండరు చూసి వెళ్ళిపోయేవారు. ఇంత ప్రేమ వీళ్ళలో ఎక్కడ దాచుకున్నారా అని నేను మురిసిపోయాను కూడా. ఒక మధ్యాహ్నం నా తోడికోడలు, అంటే ఆ మరిది పెళ్ళాం, నాతోపాటు అంట్లు తోముతూ నోరు జారింది. బావగారికి డాక్టరు ఎన్నాళ్ళు చెప్పాడక్కా అని అడిగింది. ఎందుకే అన్నాను. బావగారికి ఏదైనా అయితే వీళ్ళందరికీ మైల కదా అంది.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఒకే ఇంటిపేరు వాళ్ళలో ఒకరు పోతే పదకొండో రోజు పెద్దకార్యం అయ్యేదాకా అందరికీ మైల. మైలలో తప్పెట ముట్టకూడదు, గజ్జె కట్టకూడదు, అమ్మవారి పాట అసలే నోట రాకూడదు. మా ఆయన చోట చేరిన చిన్నాన్న కొడుకుతో కలిపి ఆరుగురూ దాయాదులే. ఒక్క చావుతో ఆరుగురి గొంతులూ మూతపడతాయి. వీళ్ళు బత్తాయిలు పట్టుకొచ్చింది ఆయన కోసం కాదు, ప్రయాణం కోసం. వెళ్ళొచ్చేదాకా ఉంటే చాలని కొందరు. ఇంకో మాట కూడా ఉంది, అది ఇన్నాళ్ళకైనా బయటికి అనేస్తాను. పోయేదేదో ముందే పోతే పెద్దకార్యం కానిచ్చి నిశ్చింతగా విమానం ఎక్కొచ్చని కూడా వాళ్ళలో ఎవరో అన్నారట. నేను తోముతున్న గిన్నె అక్కడే పడేసి, ఇంట్లో ఉన్న పళ్ళన్నీ తట్టలో పోసి పట్టాల పక్కకి గిరాటేశాను. సాయంత్రం దాకా మేకలు తిన్నాయి. మా ఆయన మంచం మీంచి చూసి, ఆపిల్ ఒకటి ఉంచవలసిందే అన్నాడు.

వారం తిరక్కుండా మా పెదమావగారు వచ్చారు. ఆ మనిషి నాకు పెళ్ళి సంబంధం చూసినాయన, నా పురుడుకి ఊరి నుంచి ఆవు నెయ్యి మోసుకొచ్చినాయన. ఆ రోజు మాత్రం గుమ్మం దాటి లోపలికి రావడానికి జంకారు. నిలబడే మాట్లాడారు.

"కోడలా, పంతులుగార్ని అడిగొచ్చినాను. మైల ఇన్నకాడి నుంచేనట. దూరాన ఉన్నోడు ఇనకపోతే ఆడికి మైల నేదట."

"అంటే ఏటి మావా? నా మొగుడు పోతే నాను నోరు మూసుకుని కూకోవాలా?"

ఆయన తల దించుకున్నారు. కుర్రాళ్ళు తిరిగొచ్చేదాకా కబురు పెట్టొద్దని, వీధిలో ఉన్న మన ఆడవాళ్ళందర్నీ తను ఊరు తీసుకుపోతానని, అక్కడ ఎవరి చెవినా పడదని నేల చూస్తూ చెప్పారు. చావు కబురు చల్లగా చెప్పేవాళ్ళని చూశాను గానీ, అసలు చెప్పకుండా ఉండమని బతిమాలే వాళ్ళని అప్పుడే చూశాను. నా నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ఆయన తండ్రి వయసు మనిషి అని కూడా చూడలేదు. పాడె మోసేది ఎవరు, నిప్పు పట్టేది ఎవరు, మీ పాటకి నా మొగుడు శవం అడ్డమా అని అడిగాను. లోపల మంచం మీంచి మా ఆయన ముక్కు గొట్టం తీసి, సరే అనీయే అన్నాడు.

పెదమావగారు వెళ్ళాక మా ఇద్దరికీ పెద్ద గొడవ. గొడవంటే నేను అరవడం, ఆయన ఆయాసపడడం. నీ తమ్ముళ్ళకి నువ్వు మనిషివి కాదు, తిథివి అన్నాను. ఆయనకి కోపం రాలేదు. ఊపిరి కూడదీసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"యార్డులో నన్ను ఏటని పిలిసీవోరో తెలుసేటి? ఒరే బొగ్గూ అని. ఇన్నేళ్ళూ అదే పేరు. అక్కడ స్టేజీ మీద మన ఇంటిపేరు మైకులో సదువుతారంట. ఓపాలి సదవనీయే."

"సదివితే నువ్వింటావేటి?"

"నాను ఇనకపోతే ఏటి. నువ్వింటావు."

వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా మినప్పప్పు బాగు చేస్తూ కూర్చున్నాను. నా కోపం తగ్గలేదు. ఈ రోజుకీ తగ్గలేదు.

ప్రయాణం రోజున అందరూ ఒకే రంగు బట్టలు వేసుకుని ఇంటికి వచ్చారు. బయట పేపర్ వాళ్ళు, వీడియో వాళ్ళు. అన్నగారి ఆశీర్వాదం తీసుకుంటున్నట్టు ఒక ఫోటో కావాలన్నారు. ఒక్కొక్కడూ వచ్చి కాళ్ళు తాకాడు. నా మరిది మాత్రం కాళ్ళు పట్టుకుని లేవలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నేను లాగు తొడిగి బడికి పంపిన పిల్లాడు వాడు. మా ఆయనే వాడి జుట్టు పట్టుకుని పైకి లేపాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వాడు నాతో, నువ్వు మాత్రం ఫోను చెయ్యకు వదినా, ఫోనులో నీ పేరు వెలిగితే చాలు, ఇంకేం వినక్కర్లేదు నాకు అన్నాడు. వెళ్ళొస్తాం అన్నారు అందరూ, మా ఆయన చెయ్యి ఊపాడు.

మర్నాటికల్లా పెదమావగారు ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఊరు తీసుకుపోయారు. మా వీధిలో మా ఇంటిపేరు వాళ్ళ తలుపులన్నింటికీ తాళాలు పడ్డాయి. పొద్దున్నే ఆ గుమ్మాల ముందు ముగ్గు ఉండేది కాదు. మా అమ్మాయి, నేను, ఆయన, ఆ మిషను మిగిలాం.

అక్కడి నుంచి వార్తలు మాత్రం ఆగలేదు. అమ్మాయి రోజూ షాపు నుంచి వచ్చి తండ్రి పక్కన కూర్చుని ఫోన్లో చూపించేది. ఫలానా దేశం వాళ్ళు దిగారు, ఫలానా పాట గెలుస్తుందని పందేలు కాస్తున్నారు, స్టేజీ ఇలా కడుతున్నారు. మన వాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని, చలికి ముడుచుకుని, ఒక పెద్ద హాలు ముందు నిలబడిన ఫోటో వచ్చింది. బట్టల దగ్గర ఏదో పేచీ వచ్చిందని, గజ్జెల చప్పుడు మైకులో పడుతోందని తీసెయ్యమన్నారని ఇంకో వార్త. గజ్జె తీస్తే అడుగెలా పడుతుంది అని ఆయన రాత్రి దాకా సణిగాడు. మన పేపర్లు మాత్రం పాత ఫోటోనే వేస్తూ వచ్చాయి, మధ్యలో మా ఆయన రొమ్ము విరుచుకుని నిలబడింది. కింద, జట్టు నాయకుడు పూర్తి నమ్మకంతో ఉన్నారని రాశారు. ఆయన అది చదివించుకుని, అయితే అక్కడ నాను బాగానే ఉన్నానన్నమాట అన్నాడు. ఆ నవ్వుకి మళ్ళీ ఆయాసం.

ఆ ఉదయం కుళాయి వచ్చే వేళకి ఆయన గంజి తాగాడు. ఉప్పు తక్కువైందన్నాడు. బిందెలు పట్టుకుని వీధిలోకి వెళ్ళాను, రెండో బిందె తెచ్చేసరికి అయిపోయింది. మిషను మాత్రం ఊదుతూనే ఉంది. గొట్టం తీసి, కళ్ళు మూసి, మిషను ఆపేశాను.

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఆడది ఎత్తుకునే ఏడుపు వీధి చివరి దాకా వినబడుతుంది. ఆ ఏడుపే కబురు. వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు అది గొంతు దాకా వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కింటావిడ వచ్చి చూసి నోరు తెరవబోతే ఆమె నోరు నా చేత్తో మూశాను. ఓలమ్మో అని కూడా అననివ్వలేదు పాపం. అమ్మాయి షాపు నుంచి పరిగెత్తుకొచ్చి, తండ్రి మొహం ఒక్కసారి చూసి, మళ్ళీ వీధిలోకి పోయింది. ఇల్లిల్లూ తిరిగి, ఎవరూ స్టేటస్ పెట్టొద్దు, గ్రూపుల్లో వెయ్యొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటాను అని చెప్పుకొచ్చింది. ఇరవై ఏళ్ళు నిండిన ఆడపిల్ల, తండ్రి పోయిన పూట ఏడవడం మానేసి చేసిన పని అది.

ఆటో స్టాండు వాళ్ళు వెదుళ్ళు తెచ్చారు. రైల్వే గ్యాంగులో పనిచేసే ఇద్దరు డ్యూటీ మానేసి వచ్చారు. పక్క వీధి తప్పెట జట్టు వాళ్ళు, మా పెదమావగారు పరాయివాళ్ళన్న వాళ్ళు, పిలవకుండానే వచ్చి స్నానానికి నీళ్ళు తోడారు. ఆయన దాయాది ఒక్కడు లేడు. నిప్పు నేను పట్టుకుంటానని అమ్మాయి అంటే ఎవరూ కాదనలేదు. డప్పు లేదు, ఏడుపు లేదు. ఇంతమంది ఇంత చప్పుడు లేకుండా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

పాడె మీద పడుకోబెట్టి తాళ్ళు బిగిస్తుండగా నా ఫోను మోగింది. మరిది. నన్ను చెయ్యొద్దన్నవాడు తనే చేశాడు. ఎత్తొద్దని అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఎత్తకపోతే అదే కబురు అవుతుంది. ఎత్తాను. నిజం చెబుతున్నాను, ఎత్తేటప్పుడు నా మనసులో ఉన్నది మంచి కాదు. ఇన్నాళ్ళూ మింగినదంతా వాడి చెవిలో ఒక్క మాటగా కక్కేద్దామనే ఎత్తాను. నాకు ఆ హక్కుంది. ఒక్క మాట చాలు, ఆరుగురూ ఆ చలిలో తప్పెటలు విప్పి కింద పెడతారు.

"వొదినా, నానే. రేపు పెద్ద స్టేజీ మీద మొదటిసారి పాడాల. అన్నకి ఓపాలి ఫోను ఇయ్యి, రెండు ముక్కలు మాట్లాడతాను."

నేను ఆయన మొహం చూశాను. గడ్డం ఎవరో శుభ్రంగా గీశారు. పాట ఎత్తబోయే ముందు ఆగినట్టు నోరు కాస్త తెరుచుకుని ఉంది.

"పడుకున్నాడు," అన్నాను.

అటువైపు ఎవరో నవ్వుతున్నారు, ఎవరో తప్పెట మీద వేళ్ళతో తట్టి చూసుకుంటున్నారు. నా గొంతులో వాడేం విన్నాడో నాకు తెలియదు. ఊపిరి పీల్చడం మాత్రం వినబడింది, ఒకసారి, ఇంకోసారి.

"నేపకు వొదినా," అన్నాడు. "పడుకోనీ."

ఫోను పెట్టేశాడు. వాడికి తెలిసిపోయింది. తెలిసీ మర్నాడు పాడతాడు, అది కూడా నాకు తెలిసిపోయింది. పాడె ఎత్తడానికి నలుగురూ భుజాలు వంచి నా వైపు చూస్తున్నారు. కానివ్వండి అన్నాను.